మూడోది పలకలేదు

మొదటి నెల నేను గీసినవన్నీ బొమ్మలే.
ఎండిన బోరు, కాలిన ట్రాన్స్‌ఫార్మరు,
కింద ఎర్రటి అక్షరాలు: ఆటో స్టార్టర్లు తీసేయండి.
నార్పల దాటినాక చీనీ తోటల్లో
ఆ పోస్టర్లు బాగానే పనికొచ్చినాయి.
ఓబుళమ్మ ఒకటి కోళ్ళగూటి కన్నానికి అడ్డం పెట్టింది,
బొమ్మను లోపలివైపు తిప్పి.

ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఏడు మోటార్లు.
అర్ధరాత్రి ఎప్పుడో కరెంటు వస్తుంది.
ఏడు డబ్బాల్లో ఏడు పచ్చలైట్లు
ఒక్క రెప్పపాటులో వెలుగుతాయి,
ఏడు మోటార్లూ ఒక్క గుక్కలో లాగుతాయి.
పైన స్తంభం మీద నూనె ఉడుకుతుంది.
కాలిపోతే తలా ఇంత వేసుకుని
ట్రాక్టరులో అనంతపురం మోసుకుపోతారు.
వారం పది రోజులు చెట్లు నోరు తెరుచుకునుంటాయి.
తెలుసు వాళ్ళకి. నాకంటే బాగా తెలుసు.

తెలియకపోవడమే జబ్బనుకున్నదాన్ని నేను.
తెలిపేందుకు జీతం తీసుకున్నదాన్ని.

ఆఫీసు గోడ నిండా పసుపు చీటీలు అంటించినాం:
రైతు ఎందుకు మారడు?
అత్యాశ, అని ఒకరు రాసినారు.
అలవాటు, అని ఇంకొకరు.
నా చీటీ గుర్తుంది. నిర్లక్ష్యం.
ఫ్యాను గాలికి అదే ముందు రాలింది.

"ఒక రాత్రి ఉండి చూడు పాపా" అన్నాడు కుళ్ళాయప్ప.
పంచె ఎత్తి పిక్క చూపించినాడు,
రూపాయి బిళ్ళంత నల్లటి గుంట.
"స్టార్టరు నొక్కేకి పోయినప్పుడు కరిచింది,
రక్తపింజర. నేను బతికినా.
మా తిప్పన్న బతకల్యా.
ఈ డబ్బా పెట్టినాంకనే
ఇంట్లో ఆడోళ్ళు నిద్రపోతాండారు."

ఆ రాత్రి వాళ్ళ మిద్దె మీద పండుకున్నా.
రెండున్నరకి కరెంటొచ్చింది.
దూరంగా మోటారు గుర్రుమంది.
ఓబుళమ్మ నిద్రలోనే ఇటునుంచి అటు తిరిగింది, అంతే.
ఆ నిద్రనే నేను తీసేయమంటున్నా,
ఎర్రటి అక్షరాలతో.

తెల్లారి డబ్బా విప్పి చూసినా.
ఒక రిలే, నాలుగు తీగలు.
ఊర్లోని మెకానిక్కు ఎవరో
నాకంటే ముందే వీళ్ళ మనసు కనిపెట్టి చేసిన పని,
పేరు కూడా వేసుకోకుండా.
దానికొక ముల్లు తగిలించినా,
పాత రేడియో బిరడా మాదిరి, ఒకటి నుంచి ఏడు.
ఒకటైతే వెంటనే. రెండైతే రెండు నిమిషాలు ఆగి.
ఆగే పని మనిషికి పెట్టకుండా
డబ్బాకి అప్పజెప్పినా.

మొదటి వారం ఏడుగురూ ఒకటి మీదే పెట్టుకున్నారు.

ముల్లుకి తాళం వేద్దామన్నాడు మా మేనేజరు.
తాళం గీస్తే దాన్ని పగలగొట్టే రాయి కూడా నేనే గీసినట్టు.
ఏం చేయాలో తోచక కూర్చున్నా.
ఓబుళమ్మ పీర్లచావిడి అరుగు మీద
ఏడు చీనీకాయలు పోసింది,
ఒకదాని మీద బొగ్గుతో గీత.
"గీతకాయ ఎవురికొస్తే వాళ్ళు ఈ వారం ముందు.
తక్కినోళ్ళు పొలాల వరస.
వచ్చే వారం ఆయప్ప కడాకు."
దీనికి నా దగ్గర పన్నెండు స్లైడ్లున్నాయి.
చూపించలేదు.

ట్రాన్స్‌ఫార్మరు మళ్ళీ ఒకసారి కాలింది, పిడుగుకన్నారు. ఏమో.
ఫక్కీరప్ప ఇప్పటికీ చాటుగా ముల్లు తిప్పుతాడు.
నివేదికలో ఏడుగురిలో ఆరుగురు అని రాసినా.

మొన్న మళ్ళీ ఆ మిద్దె మీద పండుకున్నా.
కరెంటొచ్చింది.
ఒకటి పలికింది. కాసేపటికి రెండు.
కాసేపు.
ఇంకా కాసేపు.
నాలుగు పలికింది.
కళ్ళు తెరవకుండానే ఓబుళమ్మ
"మూడోది పలకలేదే" అనింది.
"ఫక్కీరప్పది. ముల్లు తిప్పుకునింటాడు."
"తిప్పుకునింటే ముందే పలకాల కదా."
కుళ్ళాయప్ప లేచి కూర్చున్నాడు.
టార్చి వెతుక్కుని, మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కుని
పక్క తోట దిక్కు నడిచినాడు.
అటు గట్టు మీద ఇంకో టార్చి
అప్పటికే బయల్దేరింది.

నేను గీసిన పటంలో ఆ రెండు వెలుగులూ లేవు.
పెన్సిలు కోసం దిండు కింద తడిమి
ఊరకుండిపోయినా.