నీటి గీత

రాత్రి ఎనిమిదిన్నరకి లాగిన్.
ఎడమ తెర మీద షికాగో, కుడి తెర మీద హ్యూస్టన్.
రెండు ఊళ్లకీ గడియారం ఒకటే,
ఆ ఒక్కటే ఒకటి.

బీమా డబ్బుల కోసం ఇళ్లు
ఫొటోలై మాదాపూర్ వస్తాయి.
మనుషులుండరు వాటిలో.
ఉంటే అంచున ఓ మోచెయ్యి,
మరకను చూపెడుతూ ఓ వేలు.
ఐదేళ్లుగా ఆ ఊళ్లు నాకు
పిల్లికి తెలిసినట్టు తెలుసు,
కప్పుల మీంచి.

షికాగోలో జనవరికి పైపులు పగులుతాయి.
గోడలోపల నీళ్లు గడ్డకట్టి, ఉబ్బి,
చప్పుడు లేకుండా రాగిని చీలుస్తాయి.
ఇంటి కింద ఇంకో ఇల్లు ఉంటుంది అక్కడ,
పాత స్కేటింగు బూట్లు, పియానో, ఎవరివో ఉత్తరాలు,
తడవాల్సినవన్నీ అక్కడే తడుస్తాయి.
వెనక చెక్కమెట్లు.
చెయ్యి చాపితే అందే పక్కింటి గోడ.
కిటికీలో ఎప్పుడూ ఓ బస్టాపు.

హ్యూస్టన్‌లో నేలమాళిగలుండవు.
నీళ్లు ముందు గుమ్మంలోంచే వస్తాయి, చుట్టంలా,
వచ్చి సోఫాలో కూర్చుంటాయి.
గ్యారేజీ మా పోర్షన్ కన్నా పెద్దది.
గడ్డి, గడ్డి, గడ్డి, ఆ చివర ఇంకొకరి గడ్డి.
ఒకాయన మూడుసార్లు మునిగి
ఇంటినే జాకీలు పెట్టి లేపించాడు,
టైరు మార్చడానికి బండిని లేపినట్టు.
ఆ ఫైలు మీద చాలాసేపు ఆగాను.

"హ్యూస్టనే," అంటుంది మెహ్‌జబీన్, డబ్బా మూత తీస్తూ,
"ఉక్కపోత మనకి కొత్తా?"
టీమ్ లీడ్ కౌండిన్యది షికాగో పార్టీ.
"సరస్సుంది కదా, అవతలి ఒడ్డు కనపడనంత."
ఇద్దరూ ఏ ఊరూ చూడలేదు. నేనూ.

తెల్లవారుజామున క్యాబులో సాయిలు అడుగుతాడు,
నాచారంలోనో ఉప్పల్‌లోనో గది వెతుక్కుంటున్నవాడు:
"రెండిట్ల ఏది మంచిగుంటది మేడం, ఉండనీకి?"
షికాగో అయితే కాళ్లు కావాలి,
హ్యూస్టన్ అయితే కారు కావాలి, అన్నాను.
ఒకచోట పెరుగు పాకెట్టుకి నడిచెళ్లొచ్చు,
కిరాయే కంట నీళ్లు తెప్పిస్తుంది.
ఇంకోచోట ఆ కిరాయికి ఇల్లే వస్తుంది,
పెరుగు మాత్రం ఆరు మైళ్లు.
నవ్వాడు.
"కాళ్లున్నయ్ మేడం. కారు ఓనర్‌ది."

మా కాలనీ పేరులో ఇంకా కుంట ఉంది.
కుంట మాత్రం లేదు.
మొన్న అక్టోబరులో ఓ రాత్రి వచ్చి
తన జాగా తను చూసుకుని పోయింది.

నేను క్యాబు దిగేసరికి గేటు దగ్గర మోకాలిలోతు.
ఓనరమ్మ రాజమణి మెట్ల మీద కూర్చుని ఉంది,
ఒళ్లో కుట్టుమిషను తల.
"నీ బియ్యం డబ్బా తేలుతుంటే పైన పెట్టిన," అంది.

లోపలికెళ్లి ఫోను తీశాను.
అలవాటు.
ముందు దూరం నుంచి, తర్వాత మధ్య నుంచి, తర్వాత దగ్గర్నుంచి.
గోడ మీద నీటి గీత,
స్విచ్‌బోర్డుకి రెండు వేళ్లు కింద.
కొలతకి టేపు లేదు,
అన్నం గరిటె ఆనించి పెట్టాను.
నాలుగు మూలలూ. మంచం కోళ్లు. బీరువా అడుగు.
మొత్తం పదకొండు.
పంపడానికి పాలసీ నంబరు కావాలి.
ఎడమ తెరా కాదు, కుడి తెరా కాదు.
బురదలో నిలబడి ఒక్కొక్కటీ జరిపి చూశాను.
చివరిదాంట్లో, అంచున,
నా మోచెయ్యి పడింది.

వారం తర్వాత సాయిలు మళ్లీ తీశాడు ఆ మాట.
"ఏది మంచిదో చెప్పకపోతిరి."
పై అంతస్తు చూసుకో సాయిలూ, అన్నాను,
ఏ ఊరైనా.
అద్దంలో నా వైపు చూసి ఊరుకున్నాడు.
అప్పటికే అడ్వాన్సు ఇచ్చేశాడట,
కింది గదికి,
ఐదొందలు తక్కువని.