హాజరు బుట్ట

గుంటూరు కలెక్టరాఫీసు రికార్డు గదిలో
మా పెద్దల పేర్లు అందరికంటే చెదలకే బాగా తెలుసు.
ముక్కుకి రుమాలు కట్టుకున్న గుమస్తా
"ఏం కావాలమ్మా, పొలం అడంగలా?" అన్నాడు.
పొలం కాదండీ, సెటిల్‌మెంటు హాజరు పుస్తకాలు, అన్నాను.
ఇంటిపేరు అడిగాడు. కావడి, అని చెప్పాను.
బల్లమీదున్న సెల్‌ఫోను
మెల్లగా చొక్కా జేబులోకి వెళ్ళిపోయింది.

నూట పద్నాలుగు పేజీలు.
అరండల్‌పేటలో జిరాక్సు, పేజీ రెండు రూపాయలు.
పేరు, తండ్రి పేరు, పుట్టుమచ్చ, ఎడమ బొటనవేలు.
వృత్తి అన్న గడిలో
రాసేవాడికి చెయ్యి నొప్పెట్టినట్టుంది,
మొదటి పేరు కింద నుంచి అన్నీ
సదరు, సదరు, సదరు.
నాయనమ్మది అరవయ్యో పేజీ. వయసు పదకొండు. సదరు.

వాళ్ళమ్మ చంకన చేట పెట్టుకుని
దుగ్గిరాల, తెనాలి తిరిగి ఎరుక చెప్పేది.
మేడల్లో ఆడవాళ్ళ అరచేతులు చదివి
నూకలు, పాత రవికలు, ఒక్కోసారి
మూటకట్టలేని రహస్యాలు తెచ్చేది.
అలాంటి మనిషి చెయ్యి పట్టుకుని
సిరాలో ముంచి
తను చదువుకుంది సర్కారు.
ఆ పూట సర్కారు చేతిలో ఆమెకేం కనపడిందో
ఏ పేజీలోనూ లేదు.

నాకు బుట్ట అల్లడం రాదు.
బొమ్మల కాలేజీలో నాలుగేళ్ళు
యాపిల్ పండుకి నీడ ఎటు పడుతుందో నేర్చుకున్నాను.
ముప్పయ్యో ఏట సీతానగరంలో నాయనమ్మ ముందు కూచుని
జిరాక్సులు బద్దల్లా చీరాను,
వెదురుతో కలిపి అల్లాను, విప్పాను, అల్లాను.
వేళ్ళు కోసుకుంటే చూసి నవ్వింది.
"అడుగు బిగించవే ముందు. గోడలు ఎవరైనా లేపుతారు."

రాత్రి తొమ్మిదికి గంట. పన్నెండుకి ఇంకోటి.
కృష్ణ వంతెన మీద మెయిలు పోతుంటే
పిలిచిన పేరు వినపడక
వాళ్ళ నాన్న ఒకసారి పలకలేదట.
ఆ ఒక్క రాత్రి గడిలో ఎర్రసిరా ఉంది.
ఆ బద్దని అడుగులోనే పెట్టాను.

అడ్డంగా పోయే బద్దకి మా మాటలో ఒక పేరుందట.
చెప్పబోయి, తలుపు వైపు చూసి ఊరుకుంది.
మా మాట దొంగల సైగ అని
కాంపౌండులో బెత్తంతో కొట్టేవాళ్ళు.
నీళ్ళని తణ్ణి అనాలన్నా
ఇప్పటికీ గొంతు తగ్గిస్తుంది,
ఇంట్లో ఉన్నది మేమిద్దరమే అయినా.

బెజవాడ గవర్నరుపేటలో చీరల కొట్టు మీది హాలు.
మూడు రోజుల అద్దె, నా రెండు నెలల ట్యూషన్లు.
మనిషెత్తు కోళ్ళగంప, మూతి నేలకి,
మూరెడు పైకి లేపి వేలాడదీశాను.
చూడాలంటే ఎవరైనా సరే
మోకాళ్ళ మీద దూరాలి.
లోపల తల ఎటు తిప్పినా వేళ్ళు.

ఒకావిడ, గిరిజనుల బొమ్మలంటే రంగులుంటాయనుకున్నానంది.
ఒకాయన, లోపల లైటు పెడితే మా హోటల్లో బావుంటుందని
ధర అడిగాడు.
రిటైరైన సీఐ గారు చాలాసేపు గంప కిందే ఉండి
బయటికొచ్చి ప్యాంటు దులుపుకుని
"బావుంది. కానీ..." అని
ఆ కానీ దగ్గరే మెట్లు దిగిపోయారు.

మూడో రోజు సాయంత్రం నాయనమ్మ
ఆటోలో బ్యారేజీ దాటి వచ్చింది.
గుమ్మం దగ్గర బల్ల, సందర్శకుల పుస్తకం, పెన్ను.
నేను చూసేలోపే
ఎడమ చెయ్యి చాపేసింది.
"సిరా ఏదయ్యా?"
కూచున్న కుర్రాడు బిత్తరపోయాడు.
"రాత్రికి మళ్ళీ రావాలా, వెయ్యడానికి?"

నేను ఏమన్నానో గుర్తులేదు.
ఏమీ అనలేదేమో.

వంగి గంప కిందికి వెళ్ళింది.
ముద్రల వంక చూడలేదు. అల్లిక తడిమింది.
"ఇక్కడ ఒకటి దాటేశావే" అంది.
అంతే, చతికిలబడి విప్పడం మొదలెట్టింది
లైట్ల కింద, జనం చుట్టూ చేరుతుంటే.
అడ్డబద్ద అందుకుని దాని పేరు చెప్పింది,
కింద చీరల కొట్లో బేరం ఆగేంత గట్టిగా.

ఆ పేరు నేనిక్కడ రాయను.
పుస్తకాల్లో లేనిది ఒక్కటైనా మాకుండాలి.

ఎనిమిదయింది, హాలు మూసెయ్యాలి, అన్నాడు కుర్రాడు.
ఇంకో వరస ఉంది,
ఆగమంది.