వచ్చిన పని

ఎగ్మోర్ లాడ్జిలో
రిజిస్టరు నా వైపు తిప్పాడు కుర్రాడు.
పేరు, వయసు, ఊరు.
ఊరు దగ్గర పెన్ను ఆగింది.
వచ్చిన పని గడి తనే నింపేశాడు:
టూర్.

ముప్పై మూడేళ్లు
పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు దిగి
ఇరవైతొమ్మిది సీ బస్సులో
కమ్మీ పట్టుకుని నిలబడి నిద్రపోయినదాన్ని.
టూరట.

అక్కడా ఇదే మాట.
నాలుగేళ్లుగా చియాంగ్ మైలో నేను టూరిస్టుని.
ఒక్క గుడి చూడలేదు, ఏనుగెక్కలేదు.
పొద్దున్నే వాకిలి ఊడుస్తాను,
పప్పులోకి నాలుగు చింతకాయలు కోసుకుంటాను,
ఇంటామె నోయి మోకాలికి కట్టు కడతాను.
అరవై రోజులకి ముప్పై కలుపుకుని
ఆ పైన నది దాటి లావోస్‌లో ఓ రాత్రి పడుకుని
మళ్లీ అదే నది దాటి వస్తాను.
"ఎప్పుడు వెళ్లిపోతారు?" అంటే
ఎక్కనని నాకు తెలిసిన విమానం టిక్కెట్టు
చూపిస్తాను.

పోయినసారి కౌంటర్లో పిల్ల
నా పాస్‌పోర్టు ముందుకీ వెనక్కీ తిప్పి
ముద్రకి చోటు దొరక్క తలెత్తింది.
"రిటైరయ్యారా?"
"అయ్యాను."
"మరి ఆ సంగతి ముందే చెప్పొచ్చు కదా!"

అలా వచ్చాను, కాగితాల కోసం.

పోలీసు సర్టిఫికెట్టుకి
పాత చిరునామా చూడ్డానికి వచ్చింది
కానిస్టేబులు తామరైచెల్వి.
అయనావరంలో మా వాటా ఇప్పుడు
సెల్‌ఫోన్ కవర్ల కొట్టు.
దాని ముందే ఇద్దరం స్టూళ్లేసుకుని కూచున్నాం.
"కేసులేమన్నా ఉన్నాయా?"
"లేవు. తొంభై ఎనిమిదిలో
ఓ పేషెంటు కొడుకుని చెంప మీద ఒక్కటిచ్చాను."
నవ్వింది. రాసుకోలేదు.
"ఈ వయసులో అక్కడెందుకమ్మా?"

గట్టి కారణం ఒకటుంటే బాగుండేది.
అక్కడ సిస్టరూ అని ఎవరూ పిలవరు,
అర్ధరాత్రి సెలైను అయిపోయిందని తలుపు కొట్టరు.
వాళ్ల భాషలో నాకు రెండొందల మాటలొచ్చు,
చాడీ చెప్పడానికి చాలవు.
ఇవేవీ ఆమెతో అనలేదు.
"వాతావరణం" అన్నాను.
మే నెల చెన్నైలో ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

ఇక డాక్టరు కాగితం.
ఇళమారన్ తల నెరిసింది.
హౌస్ సర్జన్‌గా చేరిన మొదటి వారం
ఓ ముసలాయన నరం దొరక్క సూది వణుకుతుంటే
వెనక నుంచి అతని మోచెయ్యి పట్టుకున్నది నేనే.
ఇప్పుడు కళ్లజోడు పైకి తోసుకుని
ఒక్కో జబ్బూ చదువుతున్నాడు, హాజరు పిలిచినట్టు.
కుష్ఠు, లేదు.
క్షయ, లేదు.
మత్తుమందులు, లేదు.
సిఫిలిస్ మూడో దశ దగ్గర దగ్గాడు.
"రాయండి డాక్టర్, మొదటి రెండు దశలూ లేవు" అన్నాను.
బోదకాలు.
"పాదాలు చూడాలి సిస్టర్."
అక్కర్లేదు, చూడకుండానే రాసెయ్యొచ్చు.
అయినా కుర్చీ దిగి కింద కూచుని
చీలమండ మీద బొటనవేలు నొక్కి తీశాడు.
చిన్న గుంట.
ఇద్దరం చూస్తూ ఉన్నాం,
అది మెల్లగా పూడేదాకా.
"ఉప్పు తగ్గించండి" అన్నాడు,
సంతకం పెడుతూ.

ఇదైనా ఏడాదికే.
తొంభై రోజులకోసారి వెళ్లి
ఇక్కడే ఉన్నానని చెప్పుకోవాలి.
చెప్పుకుంటాను, దానిదేముంది,
ఎక్కడున్నావని అడిగేవాళ్లు ఉన్నారుగా.

లాడ్జి కుర్రాడికి ఖాళీ చేసేది బుధవారమని చెప్పాను.
ఈలోగా ప్యారిస్ కార్నర్ వెళ్లాలి.
ఇంగువ వంద గ్రాములు
వాసన బయటికి రాకుండా
మూడు కవర్లలో కట్టించాలి.
అక్కడ ఎవరైనా ఇదేమిటంటే
మందు అంటాను.
నర్సుని కదా.