నాలుగంకెలు

బ్యాగుకి గొలుసు, గొలుసుకి తాళం,
తాళంచెవి మెడలో దారానికి.
ఉద్యోగంలో చేరిన రోజు మా నాన్న కొనిచ్చిన సరంజామా అది.
సొసైటీల లెక్కలు తనిఖీ చేసే పని నాది.
వారానికి మూడు ఊళ్ళు, ఆరు బస్సులు.
పక్కసీటు పలకరిస్తే కిటికీలోకి చూసేదాన్ని.
"ఏ ఊరు దిగాలమ్మా?" అంటే
దిగే ఊరు కాకుండా ఆ తర్వాతి ఊరు చెప్పేదాన్ని.
ఒకసారైతే పేరు కూడా మార్చేసి
పొన్నూరు దాకా కనకవల్లిగా కూర్చున్నాను.
ఆ రోజు ఎవరో పెట్టిన జామముక్క
రుమాల్లో చుట్టి, దిగాక పారేశాను.

మార్చి నెల. గుంటూరు బస్టాండు.
గాలికి కూడా కారం పట్టే రోజులు.
యార్డు వైపు నుంచి ఆటో వచ్చి ఆగితే
మనుషులకంటే ముందు ఘాటు దిగుతుంది,
ప్లాట్‌ఫారమంతా ఒక్కసారే తుమ్ముతుంది.
తుమ్మాక ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు.
నేను తుమ్మాను. నవ్వలేదు.

"అమ్మాయ్, నిన్నే."
చేతిలో కార్డు పెట్టింది.
అడగడం కాదు, పెట్టేసింది.
"ఓ రెండు వేలు తీసుకురా, నంబరు ఇదీ" అంటూ
నాలుగంకెలు చెప్పింది,
మాచర్ల బస్సు ఎక్కడాగుతుందో చెప్పినంత గట్టిగా.
"మెల్లగా, మెల్లగా" అన్నాను
దొంగను నేనే అయినట్టు చుట్టూ చూస్తూ.
"మీరే రండి, నేను పక్కన నిలబడతా."

రెండు అరచేతులూ తిప్పి చూపించింది.
పొద్దుటి నుంచి తొడేలు తీసిన చేతులు.
గోళ్ళ సందుల్లో ఎరుపు, గీతల్లో ఎరుపు.
"దీంతో మీటలు నొక్కితే
నా యెనకొచ్చినోళ్ళు కళ్ళు నులుముకుని చస్తారమ్మాయ్."

చదువు రాని సంగతి దాచుకోడానికి అన్నదో,
వెనకొచ్చే ఆ ముక్కూమొహం తెలియని వాళ్ళ కళ్ళ గురించే అన్నదో
ఇప్పటికీ తేల్చలేకపోయాను.
లెక్కలు తేల్చడమే నా ఉద్యోగం.

గాజుతలుపు లోపల చల్లగా ఉంది.
కార్డు మీద పేరు: కె. దీవెనమ్మ.
తెర మీద ఆవిడ మిగుల్చుకున్నదంతా, పైసలతో సహా.
ఎన్ని నిల్వలు చూశాను ఈ కళ్ళతో,
ఏదీ నన్నిలా తిరిగి చూడలేదు.
బయట ఆవిడ మాత్రం నా వైపు చూడనే లేదు,
బస్సొస్తుందేమోనని అటు చూస్తోంది.
అప్పుడు గుర్తొచ్చింది నా బ్యాగు.
బెంచీ కింద, గొలుసు లేకుండా,
ఆవిడ కాళ్ళ దగ్గర.

డబ్బు ఇచ్చాను. ఎంచింది.
వేలు నాలిక మీదికి పోనిచ్చి, కారం గుర్తొచ్చి, మానుకుని
ఎంచింది, రెండుసార్లు.
నా మొహం మాడిందేమో,
"నమ్మకం నమ్మకమే, లెక్క లెక్కే" అంది.
మా ఆఫీసు గోడ మీద రాయించాల్సిన మాట.
బస్సొచ్చింది, తోసుకుని ఎక్కింది, వెనక్కి చూడలేదు.
నా పేరు కూడా అడగలేదు.
అడిగుంటే అసలు పేరే చెప్పేదాన్ని.

ఆ సాయంత్రం విజయవాడ బస్సులో
మంగళగిరి దాటాక మరిచిపోయి కళ్ళు నులుముకున్నాను.
కార్డు నుంచి నాకంటిన కారం!
ధారగా కారుతుంటే పక్కాయన కంగారుపడ్డాడు,
"ఎవరైనా పోయారామ్మా?"
లేదని చెప్పేలోపే నీళ్ళసీసా మూత తీసి పట్టుకున్నాడు.
కడుక్కున్నాను. మిగిలినవి తాగాను.
వారధి మీద గాలి తగిలేసరికి
ఇద్దరం నవ్వుతున్నాం, దేనికో.

గొలుసు ఇంకా ఉంది.
రాత్రి రైళ్ళలో వేస్తాను, ఎందుకు వెయ్యను?
మా ఇంటి కరెంటు మీటరు నంబరు ఎప్పుడూ గుర్తుండదు గానీ
ఆ నాలుగంకెలు ఇప్పటికీ నోట్లోనే ఉన్నాయి.
ఎవరికీ చెప్పలేదు.
ఇక్కడా చెప్పను.