ఒక్కపొద్దులు

ఈ ఊరి పేరు సజ్జ.
కంకి లేదు, కంచె లేదు, పిట్టలను కొట్టే మంచె లేదు.
షార్జా దాటినంక ఇసుకల
కంకర మిషన్లు, సిమెంటు లారీలు,
వరుసకు ఇరవై రూములు.
మాది పద్నాలుగో నంబరు.
నాలుగు మంచాలు కింద, నాలుగు మీద.
మెస్సు బుక్కు నా దగ్గరుంటది,
పదో తరగతి దాకా సదివినోన్ని నేనొక్కన్నే అని.

కొత్తల రాసిన పేజీలు ఇప్పటికీ ఉన్నయి.
నూనె డబ్బా ఇంత, ఉల్లిగడ్డ సంచి ఇంత,
ఖుబూస్ ప్యాకెట్టు ఒక దిర్హం.
ఇప్పుడు గూడ ఒక దిర్హమే,
లోపలున్న రొట్టె మాత్రం
పున్నమి దాటిన సందమామ లెక్క
ఇంతింత తరుగుతున్నది.
"కంపెనీ వాళ్లను అడుగు భాయ్" అంటడు
బఖాలా కుంజుమోను.
రొట్టె కంపెనీని నేనేమడుగుత?

మా కంపెనీని ఒక్కసారి అడిగినం.
ఐదుగురం అంగీలు ఉతుక్కొని పోయినం.
ఆఫీసుల ఏసీ సల్లగుండె. కూసోమన్నడు గూడ.
మార్కెట్టు బాగలేదన్నడు, మీరంత ఇంటి మనుషులన్నడు,
పొయ్యేటప్పుడు తలా ఒక ఎర్ర టోపీ ఇచ్చిండు,
కంపెనీ కొత్త బొమ్మ అచ్చేసింది.
టోపీ పెట్టిండని ఊర్లె ఉత్తగనే అంటం గదా,
నిజంగ తలకు కొలిచి పెడతరని
నాకు ఆనాడే ఎర్కైంది.

నేను విమానం దిగిన నాడు ఎనిమిది వందలు.
నా మీసం నెరిసిన నాడు ఎనిమిది వందలు.

రూపాయి పడ్డదని ఫోన్ల వస్తే
క్యాంపంత ఉరుకుతది ఎక్స్ఛేంజి కాడికి.
ఆ రాత్రి గంగజల గొంతుల గూడ జర సంబురం:
"రేటు పెరిగిందంట గదా!"
పెరిగింది.
సిలిండరు పెరిగింది, పోరని బడి బస్సు పెరిగింది,
వెయ్యి బీడీలు సుడితె ఇచ్చే కూలి మాత్రం
పోయినేడు ఎక్కడున్నదో ఆడనే ఉన్నదంట.
ఇద్దరం కాసేపు మాట్లాడలే.
ఫోన్ల ఆమె కత్తెర ఆకు కోస్తున్న సప్పుడు.

దుబ్బరాజం మా రూముల పెద్దోడు, సెంట్రింగు పని.
మొదట సోమవారం ఒక్కపొద్దుండె, రాజన్నకని.
నూనె పిరమైన నెల శనివారం గూడ పట్టిండు, ఎంకన్నకని.
గ్యాసు బండ మీద ఎక్కిచ్చినంక
మంగళవారం, కొండగట్టు అంజన్నకు.
రంజాన్ నెల వస్తే
మెట్‌పల్లి అజ్మతుతోని కూసోని రోజాలు గూడ ఉన్నడు.
"కాకకు భక్తి ముదిరింది" అన్నరు పోరగాండ్లు.
ఆయన గూడ నవ్విండు.

తిన్న పూటకు గీత, తినని పూటకు సున్న.
అది నా పని, అంతే.
మొన్న నెలాఖరుకు కూడుతుంటె
ఒక్కతీరుగ కనబడ్డయి రెండు వరుసలు:
ఇటు ధరలు, అటు దుబ్బరాజం సున్నలు,
జోడెడ్ల లెక్క అడుగులో అడుగేసుకుంట
పేజీ ఎంబడి పేజీ ఎక్కుతున్నయి.
జీతం పెరగలే.
దుబ్బరాజానికి దేవుళ్లు పెరిగిండ్రు.

అడుగుదామని మీది మంచం దిక్కు సూసిన.
గోడ దిక్కు మళ్లి పండుకున్నడు.
గుర్‌మని సప్పుడైతే ఏసీ అనుకున్న.
ఏసీ పాడై మూడు రోజులాయె.

నిన్న బేస్తవారం.
బాయిల్ల బియ్యం అన్నం, పల్చటి పప్పు.
అందరికి పెట్టి నా పళ్లెం బోర్లిచ్చిన.
"నాకొద్దు, ఒక్కపొద్దు" అన్న.

ఎవ్వలు తల ఎత్తలే.
దుబ్బరాజం ఒక్కడే
బుక్క నోట్లెకు పోకుంట ఆపి
శానసేపు నా మొకం సూసిండు.
"ఏ దేవునికిరా?" అన్నడు.

ఖాళీగున్న దేవుని పేరు
నాకు టక్కున యాదికి రాలే.