జీళ్ళపాకం

ఆమదాలవలస గేటు దాటితే తవిటయ్య కొట్టు.
గోడకి ఒకటే మేకు.

నీళ్ళలో వేసిన పాకం చుక్క
పళ్ళేనికి కొడితే టంగుమనాలి.
మెత్తగా సాగిందా,
దానికింకా కోపం రాలేదంటాడు.

నూనె రాసిన బండ మీద పోసి
అరచేతులు కాలుతుండగానే ముద్ద చేసి
మేకుకి తగిలిస్తాడు.
లాగుతాడు, మడతేస్తాడు, మళ్ళీ లాగుతాడు.
నల్లబెల్లం కాస్తా గోధుమరంగు,
ఆపైన పట్టుదారం మెరుపు.

"ఏటి కలిపినావు తాతా?"
"ఏటీ నేదురా గుంటడా. గాలి."

మేకు చుట్టూ సున్నం రాలి గోడకి లొట్ట.
వాళ్ళ నాన్న లాగిన లోతు కొంత,
ఇతనిది కొంత.

నువ్వులద్ది కత్తెరతో టకటకా.
అర్ధరూపాయికి నాలుగు.

పంటికంటిన ముక్క
లెక్కల పీరియడంతా నోరు తెరవనివ్వలేదు.
గోడకుర్చీ వేశాను.
మాస్టారడిగిన జవాబు
నాకు తెలుసు.