చొక్కా మీద తడి

రాత్రి మూడు దాటింది.
నాలుక పిడచకట్టుకుపోయి లేచాను.
కిటికీ అవతల కూహ్మో ఊరంతా మంచులో పూడుకుపోయి ఉంది,
గోడ మీది థర్మామీటర్ మైనస్ ఇరవై ఆరు.
నా రక్తం మాత్రం,
ఆరో ఏడో ఉండాల్సిన చోట,
ఇరవై ఒకటి పాయింట్ మూడు.
బాణం గుర్తు నిటారుగా పైకి.

నడుముకున్న పంపు
చీకట్లో ఆకుపచ్చగా వెలిగి
ఎంతో మర్యాదగా చెప్పింది:
పదకొండింటికి నాలుగు యూనిట్లు ఇచ్చాను,
ఒంటిగంటకి మరో మూడు.
అంతా సవ్యంగా ఉంది.

మరి ఆ ఏడూ ఏ దారిన పోయాయి?

కుర్రతనంలో అయితే
పళ్ళు కొరుకుతూ ఇంకో పది పొడుచుకునేదాన్ని,
తెల్లారేసరికి వంటింటి నేల మీద
చెమటలో తడిసి ముద్దై
చక్కెర డబ్బా మూత రాక ఏడ్చేదాన్ని.
ఇప్పుడు అరవై ఒకటి నాకు.
చొక్కా అంచు ఎత్తి వాసన చూశాను.

అదే.
ఆసుపత్రి నడవా వాసన,
కొత్త ప్లాస్టరు చుట్ట విప్పినప్పటి వాసన.
ఎడమ పక్కన బొటనవేలంత తడి.

సాయంత్రం సౌనాకి ముందు
పంపు విప్పి, ఉన్ని మేజోడులో దాచి
బయటి గదిలో కొక్కేనికి తగిలించాను.
లోపల మా అక్క ఐలి
కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తూనే ఉంది,
"ఇంకొక్క గరిటె, ఇంకొక్కటే" అంటూ.
ఆవిరికి అతుకు వదిలిందని
నా చర్మం నాతో ఒక్క ముక్కైనా అనలేదు.
మళ్ళీ తగిలించుకున్నాను,
లోపలి సన్న గొట్టం
గడ్డిపోచలా మడిచి ఉందని తెలీక.

పంపు అబద్ధమాడలేదు.
తన గడప దాటిందే లెక్కేసింది.
నేనూ అంతే కదా,
పాతికేళ్ళుగా సరస్సుల మధ్య ఊళ్ళకి
లైబ్రరీ బస్సు నడుపుతున్నాను.
వెళ్ళిన ప్రతి పుస్తకానికీ ముద్ర కొడతాను.
అది ఎవరింట్లో ఏ పేజీ దగ్గర బోర్లా పడి ఉందో
ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

వేలు గుచ్చి ఇంకో రకం పట్టీ మీద చుక్క పెట్టాను.
కీటోన్లు ఒకటి పాయింట్ ఎనిమిది.
నోట్లో మగ్గిపోయిన ఆపిల్ రుచి.
గొట్టాన్ని నమ్మే వేళ కాదిది.
ఫ్రిజ్ తలుపులో, క్లౌడ్‌బెర్రీ జామ్ సీసా వెనక, పెన్ను.
తొడలోకి సూది, పది లెక్కపెట్టాకే బయటికి.
ఆ తరవాతే కొత్త సెట్టు,
కుడి పక్కన, పొడి చర్మం మీద.
గ్లాసు నీళ్ళు. ఇంకో గ్లాసు.

ఆపైన మిగిలింది
చేతులు కట్టుకు కూర్చోవడం.
దానికి ఏ బటనూ లేదు.

అమ్మ గాజు సిరంజిని
పాలగిన్నెలో ఉడకబెట్టేది.
పొద్దున్నే నా మూత్రం చుక్కలు పరీక్షనాళికలో పోసి
మాత్ర వేస్తే బుసబుస పొంగేది.
నీలం తేలితే అమ్మ ఈల వేసేది.
ఇటుక రంగు తేలితే ఏమీ అనేది కాదు,
నా రొట్టె ముక్కని సగానికి కోసేది.
ఆ రంగు గడిచిపోయిన రాత్రి సంగతి చెప్పేది,
ఈ బాణం ఈ నిమిషం సంగతి చెబుతోంది.
నేనేం తప్పు చేశానా అని వెతుక్కోవడం మాత్రం
అప్పటిదే.

నాలుగున్నర. పంతొమ్మిది.
బాణం అడ్డంగా పడుకుంది.
వేలు బటన్ దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.
తొడలో వేసింది ఇంకా దారిలోనే ఉంది.
తప్పు కాదే హిల్కా, అన్నాను పైకే,
ఫ్రిజ్ తప్ప వినేవాళ్ళు లేరు.
అతుకు ఊడింది. అంతే.

ఏడింటికి పదమూడు.
బాణం ఏటవాలుగా కిందికి.
బయట మంచు తీసే బండి
వీధిని కాస్త కాస్త బయటపెడుతోంది.
ఐలి ఫోన్ చేసింది:
శుక్రవారం వస్తున్నావా?

వస్తాను.
కానీ ఈసారి గరిటె నా చేతికివ్వాలి.